లేబుల్ మీద లేని జెరానియాల్: ఒక బాడీ లోషన్ కేసు

కాస్మెటిక్స్ లేబుళ్లనూ వాటి వెనక ఉండాల్సిన కాగితాలనూ సరిచూడటం నా పని. ఈ కేసులో తప్పు పైకి కనబడ్డ చోటు ఒకటి, అసలు తప్పు ఉన్న చోటు ఇంకొకటి. పైకి కనబడ్డదాన్ని సరిచేసి ఊరుకుని ఉంటే అసలుది అలాగే ఉండిపోయేది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. కంపెనీని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెల్ని కొద్దిగా మార్చాను గానీ లెక్క మాత్రం చెడలేదు.

నేపథ్యం

కంపెనీ చిన్నది. ఒకే సువాసనతో మూడు సరుకులు చేస్తుంది: బాడీ లోషన్, బాడీ వాష్, ఒంటి మీద చల్లుకునే బాడీ మిస్ట్. మూడూ యూరోపియన్ యూనియన్‌లో అమ్ముతారు కాబట్టి వర్తించేది అక్కడి 1223/2009 కాస్మెటిక్స్ రెగ్యులేషన్. దాని ప్రకారం ఫ్రాగ్రెన్స్ మిశ్రమంలో ఎన్ని పదార్థాలున్నా పదార్థాల జాబితాలో 'పార్ఫ్యూమ్' అని ఒక్క మాట రాస్తే చాలు. అయితే అలర్జీ కలిగిస్తాయని తేలిన కొన్నిటికి ఈ సౌకర్యం లేదు. ఒంటి మీద ఉండిపోయే సరుకులో 0.001 శాతం, కడిగేసే సరుకులో 0.01 శాతం దాటితే వాటి పేర్లు విడిగా రాయాలి. 0.001 శాతం అంటే 10 పీపీఎం, కిలో లోషన్‌లో 10 మిల్లీగ్రాములు.

2003లో చేసిన మొదటి జాబితాలో 26 పేర్లున్నాయి. వాటిలో రెండిటిని, అంటే పరిశ్రమలో లైరల్, లిలియల్ అని పిలిచేవాటిని, తర్వాత పూర్తిగా నిషేధించారు. 2023లో వచ్చిన 2023/1545 రెగ్యులేషన్ ఈ జాబితాను 80 దాటించింది. కొత్తగా మార్కెట్‌లో పెట్టే సరుకుకు 2026 జూలై 31 తర్వాత, అప్పటికే మార్కెట్‌లో ఉన్నదానికి 2028 జూలై 31 తర్వాత కొత్త జాబితా తప్పనిసరి.

వచ్చిన సమస్య

యూరోపియన్ యూనియన్‌లో అమ్మే ప్రతి కాస్మెటిక్‌కూ అక్కడ చట్టపరంగా జవాబుదారీ వహించే రెస్పాన్సిబుల్ పర్సన్ ఒకరుండాలి. ఈ కంపెనీ తరఫున ఆ బాధ్యత చూసేవాళ్ల నుంచి ఒక మెయిల్ వచ్చింది. లోషన్ లేబుల్ మీద 'బ్యూటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపియోనల్' అనే పేరుందని, అది 2022 మార్చి 1 నుంచి నిషేధంలో ఉందని, తేలేవరకు సరుకు కదలదని దాని సారాంశం. లిలియల్‌కు లేబుల్ మీద రాసే పేరు అదే.

యజమానురాలు నాకు ఫోన్ చేశారు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. "ఆ పదార్థం మిశ్రమంలోంచి తీసేసి చాలా రోజులైందండి. లేబుల్ మార్చడమే మర్చిపోయాం. ఆ ఒక్క పేరు కొట్టేసి కొత్తవి ప్రింట్ చేయిస్తే సరిపోతుంది కదా?"

ఆమె చెప్పింది నిజమే. ఫ్రాగ్రెన్స్ సరఫరాదారు లిలియల్ లేని కొత్త వెర్షన్ ఎప్పుడో ఇచ్చాడు. కానీ నాకు తట్టిన అనుమానం వేరు. పదార్థం పోయినా పేరు మిగిలిందంటే, ఆ లేబుల్‌ను ఇప్పటి ఫార్ములా ముందు పెట్టుకుని తయారు చేయలేదన్నమాట. ఎవరో పాత లేబుల్ నుంచి దించుకున్నారు. అలా దించుకున్న జాబితాలో లేనిది ఉండగలిగినప్పుడు ఉన్నది లేకపోవడానికీ అంతే అవకాశం ఉంది. కొట్టేయాల్సిన పేరు తనంతట తాను కనబడుతుంది. రాయాల్సిన పేరు వెతికితే తప్ప దొరకదు. అందుకని ప్రింటింగ్ ఆపమని చెప్పి మూడు కాగితాలు అడిగాను: శాతాలతో సహా ఇప్పటి ఫార్ములా, వాసనకు సంబంధించిన ప్రతి ముడిపదార్థానికీ అలర్జెన్ సర్టిఫికెట్ (అలర్జీ కలిగించే ఏ పదార్థం అందులో ఎంత శాతం ఉందో సరఫరాదారు రాసిచ్చే కాగితం), కస్టమర్ ఫిర్యాదుల రిజిస్టర్.

మూడోది ఎందుకని ఆమె ఆశ్చర్యపోయారు. లేబుల్ పనికి ఫిర్యాదుల రిజిస్టర్ అడిగేవాళ్లు తక్కువే. నేను మాత్రం ప్రతిసారీ అడుగుతాను.

రిజిస్టర్‌లో దొరికింది

ఏడు నెలల కిందటి ఒక మెయిల్. రాసినావిడకు అంతకుముందే చర్మ వైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ అయింది. అనుమానం ఉన్న పదార్థాలను పట్టీలతో వీపు మీద అంటించి, రెండు రోజులయ్యాక తీసి, ఆ తర్వాత ఇంకో రోజు కూడా చూసే పరీక్ష అది. ఆవిడకు జెరానియాల్ పడదని తేలింది. గులాబీ, జెరేనియం నూనెల వాసనలో పాలుపంచుకునే పదార్థం ఇది. ప్యాచ్ టెస్టుల్లో వాడే 'ఫ్రాగ్రెన్స్ మిక్స్ 1'లోని ఎనిమిది పదార్థాల్లో ఇదీ ఒకటి. ఆవిడ లోషన్ కొనేముందు లేబుల్ మొత్తం చదివారు. జెరానియాల్ పేరు లేదు. మూడు వారాలు వాడాక మోచేతి మడతల్లో, మెడ దగ్గర ఎర్రబడి దురద మొదలైంది. మెయిల్ చివర ఒకే ప్రశ్న అడిగారు: ఇందులో జెరానియాల్ ఉందా?

కంపెనీ నుంచి వెళ్లిన జవాబు రెండు వాక్యాలు. లోషన్‌ను సహజమైన నూనెలతో చేస్తామనీ, అందువల్ల అలర్జీ వచ్చే అవకాశం లేదనీ.

ఆ జవాబు చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. రాసినవాళ్లకు దురుద్దేశం లేదు, వాళ్లు నిజంగానే అలా నమ్మారు. కానీ జెరానియాల్ వచ్చేదే అలాంటి సహజమైన నూనెల్లోంచి. పైగా ఈ రకం అలర్జీ ఒకసారి పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. దాన్ని పోగొట్టే మందు లేదు, ఆ పదార్థానికి దూరంగా ఉండటం ఒక్కటే దారి. దూరంగా ఉండాలంటే పేరు కనబడాలి. మామూలుగా ఎవరూ చదవని ఆ చిన్న అక్షరాలను ఇలాంటివాళ్లు అద్దం పెట్టుకుని మరీ చదువుతారు. ఆవిడ ఒంటి మీద వచ్చినది జెరానియాల్ వల్లేనని ఒక్క మెయిల్ చూసి తేల్చడం కుదరదు. కానీ ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం కుదురుతుంది.

లెక్క ఎక్కడ తప్పింది

ఫార్ములా చూశాను. లోషన్‌లో ఫ్రాగ్రెన్స్ మిశ్రమం 0.25 శాతం. అది కాక, వాసనకు నిండుదనం కోసం విడిగా కలిపే జెరేనియం ఆయిల్ 0.005 శాతం, అంటే 100 కిలోల బ్యాచ్‌కు 5 గ్రాములు. రెండూ కలిపి లేబుల్ మీద 'పార్ఫ్యూమ్' అనే మాటలో ఇమిడిపోయాయి. అంతవరకు తప్పు లేదు.

జెరానియాల్ లెక్క వాళ్ల ఫైల్లో నిజానికి ఉంది. ఫ్రాగ్రెన్స్ మిశ్రమంలో జెరానియాల్ 0.28 శాతం. మిశ్రమం వాడేది 0.25 శాతం కాబట్టి లోషన్‌లోకి వచ్చేది 7 పీపీఎం. పక్కన "10 కంటే తక్కువ, రాయనక్కర్లేదు" అని పెన్నుతో రాసి ఉంది. ఇంకో పేజీలో జెరేనియం ఆయిల్ లెక్క. అందులో జెరానియాల్ 12 శాతం, నూనె వాడేది 0.005 శాతం, వచ్చేది 6 పీపీఎం. అక్కడా అదే చేతిరాత, అదే మాట.

రెండు పేజీలూ విడివిడిగా సరైనవే. వాటిని ఎవరూ కలిపి కూడలేదు. 7, 6 కలిస్తే 13. చట్టంలోని 10 పీపీఎం పరిమితి ఒక్కో ముడిపదార్థానికి విడిగా ఇచ్చింది కాదు, తయారైన సరుకు మొత్తానికి. చర్మం మీదికి వచ్చే జెరానియాల్‌లో ఎంత ఏ డబ్బాలోంచి వచ్చిందనేది అక్కడ లెక్కలోకి రాదు.

ఈ పొరపాటు నేను చాలా ఫైళ్లలో చూశాను. సర్టిఫికెట్లు ముడిపదార్థానికి ఒకటి చొప్పున వస్తాయి కాబట్టి లెక్క కూడా కాగితానికి ఒకటి చొప్పున చేసేస్తారు. ఎసెన్షియల్ ఆయిళ్లే కాదు, బెంజైల్ ఆల్కహాల్ లాంటిది ప్రిజర్వేటివ్‌గా వేసినా, మొక్కల ఎక్స్‌ట్రాక్ట్‌లో కొంత వచ్చినా అన్నీ ఒకే మొత్తంలోకి చేరాలి.

చేసి చూసినవి, పనికిరానివి

మొదట ఫ్రాగ్రెన్స్ సరఫరాదారును సర్టిఫికెట్ అడిగాం. అదే రోజు వచ్చింది. మొదటి వరుసలోనే లిలియల్ కనబడింది. పాత వెర్షన్‌ది పంపారు. మిశ్రమం పేరు మారలేదు, చివర ఉన్న వెర్షన్ అక్షరం మాత్రమే మారింది. అందుకే ఇప్పుడు సర్టిఫికెట్ మీది కోడ్‌ను డ్రమ్ము మీది కోడ్‌తో అక్షరం అక్షరం పోల్చి, ఆ ఫొటో ఫైల్లో పెట్టమంటాను.

రెండోసారి సరైన వెర్షన్ వచ్చింది. దాంతో లెక్క వేసి మొదటి చిత్తు జాబితా తయారు చేశాను. అందులో నా వల్ల ఒక తప్పు దొర్లింది. సర్టిఫికెట్‌లో కౌమారిన్ అనే ఇంకో అలర్జెన్ ఎదురుగా ఖాళీ గడి ఉంటే దాన్ని సున్నాగా తీసుకున్నాను. మర్నాడు అడుగున ఉన్న చిన్న గమనిక చదివాను: 0.1 శాతం కంటే తక్కువ ఉన్నవి ఇందులో చూపించలేదు. లోషన్‌కు ఇది పెద్ద తేడా తేదు. మిశ్రమం 0.25 శాతమే కాబట్టి కనబడని కౌమారిన్ మహా అయితే 2.5 పీపీఎం. కానీ బాడీ మిస్ట్‌లో అదే మిశ్రమం 2 శాతం. అక్కడ అదే ఖాళీ గడి వెనక 20 పీపీఎం దాకా దాగి ఉండొచ్చు. అది పరిమితికి రెట్టింపు. 0.01 శాతం దాకా చూపించే సర్టిఫికెట్ కావాలని మళ్లీ రాశాం. కౌమారిన్ 0.07 శాతం ఉంది. మిస్ట్‌లో అది 14 పీపీఎం. పేరు రాయాల్సిందే.

ఈలోగా యజమానురాలు నాతో చెప్పకుండానే లోషన్ శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపారు. నాకు అభ్యంతరం లేదు, పరీక్ష చేయించడం మంచిదే. ఫలితం వచ్చింది: జెరానియాల్ 9 పీపీఎం. ఆమె ఎంతో ఊరట పడ్డారు. "చూశారా, 10 దాటలేదు. మీ లెక్క కంటే మిషన్ చూసి చెప్పిందే నిజం కదండీ?"

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించింది ఇక్కడే. కొలిచిన అంకె చేతిలో ఉంటే లెక్క వేసిన అంకె పట్టుకుని వాదించడం తేలిక కాదు. అయినా మూడు విషయాలు నన్ను ఆపాయి. ఒకటి, అది ఒక బ్యాచ్‌లో ఒక సీసా. జెరేనియం ఆయిల్ పంట సరుకు. కోతను బట్టి, నేలను బట్టి జెరానియాల్ శాతం మారుతుంది. లేబుల్ మాత్రం అన్ని బ్యాచ్‌లకూ ఒకటే. రెండు, లోషన్ లాంటి నూనె, నీరు కలిసిన పదార్థంలోంచి ఇంత కొద్ది మొత్తాన్ని బయటికి తీసి కొలిచేటప్పుడు కొంత అటూ ఇటూ అవడం సహజం. పరిమితి 10 అయినప్పుడు 9 అనే అంకె 'తక్కువ' అని ఖాయంగా చెప్పదు, 'అంచున ఉంది' అని చెబుతుంది. మూడు, పేరు రాసి తప్పైతే జరిగే నష్టం, రాయక తప్పైతే జరిగే నష్టం ఒకే బరువువి కావు. రిజిస్టర్‌లోని మెయిల్ ఆమెకు మళ్లీ చదివి వినిపించాను. ఆమె ఇక వాదించలేదు.

ల్యాబ్ రిపోర్టును పక్కన పడేయలేదు. లెక్క సర్టిఫికెట్లలోని గరిష్ఠ అంకెలతో వేసి, ల్యాబ్‌ను ఆ లెక్కకు సాక్ష్యంగా వాడుకోవాలనేది నా పద్ధతి. ల్యాబ్ అంకె లెక్క కంటే కాస్త తక్కువ ఉంటే నాకు నిశ్చింత. లెక్కను మించితే మాత్రం ఎక్కడో ఒక ముడిపదార్థం మన లెక్కలోకి రాలేదని అర్థం.

ఆ తర్వాత ఆమె నుంచి ఇంకో ఆలోచన వచ్చింది: కొత్త జాబితాలోని 80కి పైగా పేర్లూ రాసేస్తే గొడవే ఉండదు కదా అని. ఒప్పుకోలేదు. సిన్నమాల్ (జాబితాలోని ఇంకో అలర్జెన్) పడని మనిషి సిన్నమాల్ లేని లోషన్‌ను కూడా వదులుకోవాల్సి వస్తుంది. లేనిది ఉందని చెప్పే జాబితాను సేఫ్టీ రిపోర్ట్‌తో, అంటే సరుకు వాడటం సురక్షితమేనని తేల్చే నివేదికతో, పోల్చి సమర్థించడమూ కుదరదు. లేబుల్ చదివేవాళ్లకు కావలసింది తమకు సంబంధించిన ఒక్క పేరు ఉందో లేదో. అన్నీ రాస్తే ఆ సమాచారం చచ్చిపోతుంది.

జెరేనియం ఆయిల్ తగ్గించి జెరానియాల్‌ను 10 లోపుకు తేవచ్చా అనీ చూశాం. సగానికి తగ్గిస్తే లెక్క 10 దగ్గరే ఆగుతుంది. తర్వాతి పంటలో ఒక శాతం పెరిగినా మళ్లీ దాటుతుంది. పూర్తిగా తీసేస్తే వాసన మారి, మూడు సరుకులూ ఒక కుటుంబంలా అనిపించవని వాళ్లు అన్నారు. అది వాళ్ల నిర్ణయం, నాకు న్యాయంగానే తోచింది. ఉంచుకున్నప్పుడు పేరు రాయాలి, అంతే.

పనిచేసింది

మూడు సరుకులకూ కలిపి ఒకే పట్టిక చేశాం. నిలువు వరుసల్లో ముడిపదార్థాలు, అడ్డ వరుసల్లో అలర్జెన్లు, చివర మొత్తం. ఒక్కో సరుకులో ఒక్కో మోతాదు కాబట్టి ఒక్కోదానికి ఒక షీటు. సర్టిఫికెట్‌లో ఖాళీ గడి ఉంటే సున్నా రాయకుండా, ఆ సర్టిఫికెట్ చూపించగల కనిష్ఠ అంకెను రాశాం.

పట్టిక పూర్తయ్యాక ఒక సంగతి తెలిసింది. పాత రోజుల్లో మూడు లేబుళ్లకూ ఒకే జాబితా వాడారు. బాడీ వాష్‌లో మిశ్రమం 0.8 శాతం, జెరేనియం ఆయిల్ లేదు. జెరానియాల్ 22.4 పీపీఎం అవుతుంది. కడిగేసే సరుకు కాబట్టి పరిమితి 100, పేరు అక్కర్లేదు. లినలూల్ అనే మరో అలర్జెన్ మిశ్రమంలో 6 శాతం ఉంది కాబట్టి వాష్‌లో 480 పీపీఎం, రాయాలి. లోషన్‌లో అదే లినలూల్ 150, అక్కడా రాయాలి. వాసన ఒకటే అయినా జాబితాలు మూడూ వేరు.

కొత్త రెగ్యులేషన్ విషయంలో ఇంకో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. పాత జాబితా ప్రకారం లేబుల్ వేస్తే అప్పటికి చట్టం ఒప్పుకునేది. కానీ ఎలాగూ ప్రింట్ చేయిస్తున్నాం. గడువు దగ్గరపడ్డాక మళ్లీ ఖర్చు పెట్టడం ఎందుకు? అంతకంటే, ఆ పేర్ల కోసం చూసేవాళ్లకు చర్మం మీద దురద గడువు చూసుకుని రాదు. నేరుగా కొత్త జాబితాతోనే వెళ్లాం. అందులో ఎసెన్షియల్ ఆయిళ్లకూ విడిగా చోటుంది. లోషన్‌లో జెరేనియం ఆయిల్ 50 పీపీఎం కాబట్టి 'పెలార్గోనియం గ్రావియోలెన్స్ ఫ్లవర్ ఆయిల్' అని దాని పేరు రావాలి, దానిలోంచి వచ్చే జెరానియాల్ పేరూ రావాలి. ఒకటి రాశాం కదా అని రెండోది మానకూడదు. లోషన్ మీద నాలుగు అలర్జెన్ పేర్లు ఉండేవి, ఇప్పుడు పదకొండు అయ్యాయి.

చోటు చాలలేదు. ఈ సీసాకు బయట అట్టపెట్టె లేదు. అక్షరాలు ఇంకా చిన్నవి చేద్దామని డిజైనర్ అన్నాడు. నేను ప్రింట్ తీయించి మామూలు లైటు కింద చేయి చాపి చదవమన్నాను. అతను చదవలేకపోయాడు. చివరికి పొర ఎత్తి చదివే రెండు పేజీల లేబుల్‌కు మారాం. ఒక శాతం కంటే తక్కువ ఉన్న పదార్థాలను ఏ వరుసలోనైనా రాయడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ వెసులుబాటు వాడుకుని, అలర్జెన్లన్నిటినీ 'పార్ఫ్యూమ్' తర్వాత ఒకేచోట అక్షర క్రమంలో పెట్టించాను. వెతుక్కునేవాళ్లకు ఒక్క చూపులో దొరకాలి.

ఆపిన పాత సరుకు మీద స్టిక్కర్లు వేసి సరిచేయడానికి రెస్పాన్సిబుల్ పర్సన్ ఒప్పుకున్నారు. మొదటి స్టిక్కర్ శాంపిల్ మీద లోషన్ పూసుకున్న బొటనవేలితో రుద్ది చూశాను. 'లినలూల్'లో సగం అక్షరాలు వేలికి వచ్చేశాయి. పైన పల్చటి ప్లాస్టిక్ పొర ఉన్న స్టిక్కర్ వేయించాం. బ్యాచ్ నంబరు కప్పుకుపోకుండా చూసుకున్నాం.

ఇవన్నీ అయ్యేలోపే, సరైన లెక్క చేతికి వచ్చిన రోజున, మెయిల్ రాసినావిడకు జవాబు పంపమని యజమానురాలికి చెప్పాను. ఆమె తనే రాశారు. లోషన్‌లో జెరానియాల్ ఉంది, మొత్తం ఇంత, లేబుల్ మీద రాయకపోవడం మా తప్పు, క్షమించండి, మీరు మా మిస్ట్ కూడా వాడకండి, అందులోనూ ఉంది. ఆ ఫిర్యాదును సేఫ్టీ రిపోర్ట్ రాసేవారికి కూడా పంపి ప్రొడక్ట్ ఫైల్లో చేర్పించాం.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

లేబుల్ మీద అనవసరమైన పేరు కనబడితే ఇప్పుడు నేను ముందు రాయని పేర్ల కోసం వెతుకుతాను. సర్టిఫికెట్ చేతికి రాగానే అంకెల కంటే ముందు అడుగున ఉన్న గమనిక చదువుతాను. ఆ కనిష్ఠ అంకెను సరుకులోని మోతాదుతో గుణించి చూశాకే ఖాళీ గడిని ఖాళీ అని నమ్ముతాను. ఇక 'సహజం' అనే మాట ఫిర్యాదుకు జవాబుగా ఎక్కడ కనబడ్డా ఆ ఫైలు మొదటి నుంచి తిరగేస్తాను.

కంపెనీ తన కొనుగోలు ఫారంలో ఒక వరుస చేర్చుకుంది: వాసన ఉన్న ఏ ముడిపదార్థమైనా కొత్త లాట్ వస్తే, సర్టిఫికెట్ పట్టికలోకి ఎక్కేదాకా డ్రమ్ము తెరవకూడదు. మొన్న కొత్త కోత జెరేనియం ఆయిల్ వచ్చింది. సర్టిఫికెట్‌లో జెరానియాల్ 16 శాతం. అంటే నూనె నుంచి 8, మిశ్రమం నుంచి 7, మొత్తం 15 పీపీఎం. ఆమె పట్టికలో అంకె మార్చి, తేదీ వేసి, ఫొటో నాకు పంపారు. లేబుల్ మీద పేరు అప్పటికే ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోవాల్సిన పని పడలేదు.